బొమ్మకి ఏసిన ఎర్రసీర

తమ్ముడు ఎల్లాజీకి అక్క పోలమ్మ రాసేది.

నీ మోకాలి నొప్పి ఎలాగుంది? మరదలికి జొరం తగ్గిందా? పిల్లలు సరిగ్గా తింటన్నారా? జాలరిపేటలో నాను బాగానే ఉన్నాను, గుండె దడొక్కటే.

"కొత్త బోటు నీళ్లలో దింపే రోజు రాకక్కా, మర్నాడు రా. మొగుడు పోయినదాని నీడ బోటు మీద పడకూడదంటన్నారు" అని రాసేవు. మూడు రోజులు నాకు అన్నం సయించలేదు.

ఊరికే కూకోలేక, సెక్కతో అరసేతిలో పట్టేంత బోటు సేసేను. దాని ముక్కుకి బొట్టు పెడతన్నట్టు బొటనవేలంత ఆడమనిషిని నిలబెట్టేను. పడవలకి పూయగా మిగిలిన రంగేస్తే సిక్కగా పడి దాని మొహం మూసుకుపోయింది. ఆ రంగు గీకేసి, బజారుకెళ్లి, బొమ్మలకేసే సిన్న సీసాల రంగులడిగేను.

"బొమ్మ ఎవరిది మామ్మా?" అన్నాడు కొట్టువాడు.

"ఒక ముసలమ్మది."

"అయితే తెల్లరంగు సాలు."

"ఏం, నీ కొట్లో ఎరుపు అయిపోయిందేటి?" అన్నాను.

సన్న కుంచెతో ఎర్రసీర, పచ్చగాజులు ఏసేను. అంచు సరిగ్గా రాక, ఈ సేత్తోనే రెండుసార్లు తుడిసి మళ్లీ ఏసేను.

తల్లి పోయేక నిన్ను సంకనేసుకుని పెంచిన సెయ్యిరా ఇది. ఇది అపశకునమైతే నువ్వు తిన్న ముద్దలన్నీ అపశకునమే.

ఆ బొమ్మ నీకివ్వడానికి కాదు. సీర కొనేముందు ఆ రంగు నాకు నప్పుతాదో లేదో సూసుకున్నాను. నప్పింది, కొన్నాను.

బస్సు దొరకదేమోనని బెంగ. అయినా పదకొండో తారీకు లక్ష్మివారం, బోటు దింపకముందే అది కట్టుకుని ఒస్తాను.