కనబడని డిస్కు

ఇంటి సంగతులు ఇక చర్చిలో సాక్ష్యంగా చెప్పనని నా భార్య ఎలీషమ్మ ఏనాడో మాట ఇచ్చింది. ఆ మాట మరుసటి ఆదివారం దాకా కూడా నిలవలేదు.

మొన్న శామీర్‌పేట ఇంట్లో పాత లాప్‌టాప్‌లో విండోస్ బదులు లినక్స్ ఎక్కిస్తున్నాను. ఈ వయసులో నాతో కాదన్న బామ్మర్ది జయరాజుకు చేసి చూపించాలని పట్టుదల. అతను మా సంఘపెద్ద కూడా. తీరా మొదలుపెడితే, దాన్ని ఎక్కించే ఇన్‌స్టాలర్‌కు లాప్‌టాప్‌లోని డిస్కే కనబడలేదు.

మాన్యువల్ మొత్తం చదివాను. మా చర్చిలో బైబిల్‌ను కూడా ఎవరూ అంత శ్రద్ధగా చదవలేదు.

ఎలీషమ్మ వచ్చి లాప్‌టాప్ మీద చెయ్యి ఉంచింది. "ప్రభువా, గీ మనిషి పరేషాన్ తియ్యి."

"ముందు నీ చెయ్యి తియ్యి. కీబోర్డు కనవడ్తలేదు."

"కండ్లు మూసుకో. ప్రార్థన నడుస్తాంది."

నేను మూసుకోలేదు. ఆమె ప్రార్థన ముగిసేలోగా లాప్‌టాప్‌ను ఎన్నిసార్లయినా ఆపి మళ్లీ ఆన్ చేయొచ్చు. లాప్‌టాప్ మొదలయ్యేటప్పుడు తెరుచుకునే బయోస్‌లోకి వెళ్లి, డిస్కును దాచేస్తున్న రెయిడ్ అనే సెట్టింగు తీసి, దాని బదులు ఏహెచ్‌సీఐ అనేది పెట్టాను. డిస్కు కనిపించింది. అప్పుడే ఆమె ఆమెన్ అంది.

"ఆదివారం సాక్ష్యంల నా పేరు గూడ జెప్పు. మీ తమ్ముడు ఇనాలె" అని బతిమాలాను.

చెప్పింది. "మా ఇంటాయన ప్రార్థనల కండ్లు మూసుకోలే. అయినా ప్రభువు డిస్కు సూపెట్టిండు. గీయన మారాలని అందరు ప్రార్థన జెయ్యుండ్రి."

చర్చి అంతా నాకోసం మోకరించింది. కళ్లు మూసుకున్న మనిషికి నేను మూసుకోలేదని ఎలా తెలిసిందో ఒక్కరూ అడగలేదు. అడగాల్సిన పెద్దమనిషి అందరికంటే గట్టిగా ఆమెన్ అన్నాడు. నేను ఇప్పటికీ తప్పుపట్టేది ఆమెను కాదు, జయరాజును.