సూది లేవలేదు

"కేబుల్ కొనేది లేదు. కొంటే పవర్ పెంచే బూస్టరే!" రేడియో క్లబ్బు అధ్యక్షుడు బల్ల మీద అరచేత్తో చరిచాడు. టీ గ్లాసులు గలగలలాడాయి.

"బూస్టర్ పెట్టి ఏం చేస్తావు బాబాయ్? మన రిపీటర్‌కి నోటికేం తక్కువ? లేనిదల్లా చెవే!" అంది అతని అన్న కూతురు.

కొండ మీద ఒంటిగది. గది పక్కన ఇనుప స్తంభం, దాని కొసన నిలువెత్తు ఏంటెన్నా, అక్కణ్ణుంచి గదిలోని రిపీటర్ దాకా కేబుల్. లోయలోంచి చేతి రేడియోలో ఎవరైనా పిలిస్తే విని, అదే మాటను నలుదిక్కులకూ గట్టిగా తిరిగి చెప్పడం రిపీటర్ పని. కొన్నాళ్లుగా అది చెప్తోంది గానీ వినడం లేదు. లోయ ఆసుపత్రిలో నర్సుగా ఉన్న ఈ పిల్ల అక్క పొద్దున పిలిస్తే, "హలో" అన్న ముక్క తప్ప ఇంకేమీ అందలేదు. వానలు ముంచుకొస్తున్నాయి. వంతెన మునిగితే లోయకు ఆ రేడియో తప్ప దిక్కు లేదు.

గొంతు అందనిది లోయవాళ్లది. ఇక్కడ కొనబోయేది కొండవాళ్లకు ఇంకో నోరు! సంఘాలన్నిటికీ ఇదే రోగం.

"పైన కనెక్టర్‌లోంచి కేబుల్‌లోకి నీళ్లు దిగాయి బాబాయ్. పోయే పవరూ, వచ్చే గొంతూ దారిలోనే ఇంకిపోతున్నాయి. రాగి గొట్టంలా గట్టిగా ఉండే కేబుల్ వేద్దాం. నీళ్లు దూరని కనెక్టర్లు బిగిద్దాం."

"నీళ్లు దిగాయని నీకు కలొచ్చిందా? ఆ కేబుల్ నేను ఏరికోరి తెచ్చింది! ఇదిగో మీటర్. పైన ఎక్కడ తేడా ఉన్నా పవర్ వెనక్కి తన్నుకొస్తుంది, సూది లేస్తుంది. లేచిందా? సున్నా మీద గుర్రుపెట్టి నిద్రపోతోంది!"

సభ్యులిద్దరూ, టైలరూ బస్సు డ్రైవరూ, పకపకా నవ్వారు.

"ఏంటెన్నా దగ్గర ఏ తేడా వచ్చినా సూది చెప్పి తీరుతుందంటావ్?"

"తీరుతుంది. దానికి నీలా నాలా బొంకడం రాదు. సూది లేస్తే నీ కేబుల్, లేవకపోతే నా బూస్టర్. సరేనా?"

"సరే. నేను పైకెక్కి చూస్తా. చెప్పేదాకా పవర్ పంపే మీట నొక్కకు."

నడుముకు పట్టీ బిగించి, తాడు భుజాన వేసుకుని ఎక్కేసింది. ముగ్గురు మగాళ్లూ కుర్చీలు మీటర్ దగ్గరికి లాక్కున్నారు.

"నొక్కు బాబాయ్!" పైనుంచి కేక.

నొక్కాడు. సూది సున్నా మీదే ఉంది. "పిసరంత కూడా లేవలేదే!"

"ఆపు. కాసేపాగు!"

పైన పానా చప్పుడు. తాడు ఇనుముకు రాసుకుంటున్న చప్పుడు. "గోకనీ, ఎంతసేపు గోకుతుందో" అన్నాడు అధ్యక్షుడు.

"ఇప్పుడు నొక్కు!"

సూది సున్నా మీదే ఉంది.

"ఓటెందుకండీ ఇంక, బూస్టర్ ఖాయం చేసేద్దాం" అన్నాడు డ్రైవరు.

గెలిచాడు గానీ, అధ్యక్షుడికి పిల్లను చూస్తే జాలేసింది. కిటికీలోంచి అరిచాడు. "ఒసేయ్, ఇక దిగు! మీ అక్క కోసమే నీ తాపత్రయమంతా, నాకు తెలీదా? అది నాకు మాత్రం బిడ్డ కాదా? బూస్టర్ వస్తే అన్నీ సర్దుకుంటాయి."

"ఒక్కసారి, ఆఖరిసారి నొక్కు బాబాయ్! ఏమంటోంది సూది?" ఈసారి గొంతు బాగా దగ్గర్నుంచి వినబడింది.

ఆయన బల్ల దగ్గరికొచ్చి మీట నొక్కి పట్టాడు. సూది ఉలకలేదు, పలకలేదు.

"బ్రహ్మాండం అంటోంది! పైన ఏంటెన్నా వజ్రంలా ఉందంటోంది!"

గుమ్మంలో వెలుగు తగ్గింది. టైలరు నోరు తెరిచాడు. అధ్యక్షుడు మీట మీద వేలు తియ్యకుండానే తల తిప్పాడు.

"వెనక్కి తన్నుకొచ్చే పవర్నీ నీ కేబులే తాగేస్తోంది. కొత్తది వచ్చాక మళ్లీ ఎక్కిద్దాం గానీ, ఈ వజ్రం కొస కాస్త పట్టుకో బాబాయ్, తలుపులో పట్టడం లేదు" అంది అన్న కూతురు, భుజం మీద ఏంటెన్నాతో.