మూడు రీడింగులు

"నిన్ననే చెప్పాను కదమ్మా, మళ్ళీ అదే ప్రశ్న ఏంటి?"

బ్యాంకు ఆఫీసరు తలుపు సగమే తెరిచి, మిగతా సగానికి కాలు అడ్డం పెట్టాడు.

"ఒక్క రీడింగు సరిపోదంకుల్," అంది కెమిస్ట్రీ చదివే అమ్మాయి.

ఆ పిల్ల బాధ ఆ పిల్లది. సైన్సు వాళ్ళు కూడా ఈ ఏడాది సోషియాలజీ ఒక పేపరు రాసి తీరాలన్నారు. సోషియాలజీ మేడమ్ తలా ఒక ఇల్లు, తలా ఒక ప్రశ్న పంచింది. ఈ పిల్ల వాటాకి వచ్చిన ప్రశ్న: 'ఇంట్లో నిర్ణయాలు ఎవరు తీసుకుంటారు?' సోమవారంలోగా రిపోర్టు ఇవ్వకపోతే హాల్ టికెట్ రాదు.

"తప్పు సమాధానం వస్తే ఎలా మేడమ్?" అని అడిగింది.

"ఇందులో తప్పు సమాధానం ఉండదమ్మా."

అప్పుడు పట్టుకుంది అనుమానం. తప్పు సమాధానమే లేని సబ్జెక్టులో ఏటా అంతమంది ఎలా తప్పుతున్నారు? అందుకని తనకు తెలిసిన దారే పట్టింది. ల్యాబులో ఏదైనా మూడుసార్లు కొలుస్తారు. మూడూ ఒకటైతేనే నిజం.

"నిన్న నేనేం చెప్పానో రాసుకోలేదా?" అన్నాడు ఆఫీసరు.

"రాసుకున్నానండీ. 'అన్నీ నేనే' అన్నారు."

"ఇవాళా నేనే. రేపూ నేనే. ఇంతకీ నిన్ను పంపిందెవరు? మా బావమరిదేనా?"

"మా మేడమ్ అంకుల్."

"ఆ మేడమ్ మా బావమరిదికి ఏమవుతుంది?"

అమ్మాయి ఆ ప్రశ్నని కూడా నోటుబుక్కులో ఎక్కించడం చూసి అనుమానం ఖాయం చేసుకుని, రెండుసార్లు వెనక్కి తిరిగి చూసుకుంటూ ఆఫీసుకి వెళ్ళాడు. లిఫ్టు కిందికి దిగిన చప్పుడు విని, అమ్మాయి మళ్ళీ గంట కొట్టింది. ఈసారి ఆయన భార్య వచ్చింది.

"నిర్ణయాలా? అన్నీ ఆయనవే," అంది ఆవిడ. లిఫ్టు వైపు ఒకసారి చూసి, "నేను ఏం నిర్ణయించమంటే అది నిర్ణయిస్తారు," అంది.

"అంకుల్ మాత్రం అంతా తానే అన్నారాంటీ. రెండుసార్లు."

రీడింగులు కలవకపోతే పాతది ముందు పెట్టుకుని సరిచూడటం ల్యాబులో పద్ధతి. ఆంటీ మొహం మాత్రం ఎర్రబడింది. రంగు మారితే ప్రయోగం పూర్తయినట్టని చదువుకున్న పిల్ల కనక, అమ్మాయి టైము చూసి అది కూడా రాసుకుంది.

"అలా అన్నారా? నేనేమంటానో కనుక్కు రమ్మని నిన్ను ఆయనే పంపారు కదూ?"

"లేదాంటీ, నాది సోషియాలజీ."

"అదేదో నాకూ తెలుసులే."

మర్నాడు ఆఫీసరు తల్లి కింద బెంచీ మీద ఎండలో కూర్చుని దొరికింది. అమ్మాయి కొడుకు మాటా, కోడలి మాటా చదివి వినిపించి మరీ అడిగింది.

పెద్దావిడ తాపీగా నవ్వింది. "వాళ్ళిద్దరూ తామే అనుకుంటారు. పోనీలే, అనుకోనీ అని నేనే నిర్ణయించాను." నవ్వు చప్పున ఆపేసి, "మా కోడలు అడగమందా నిన్ను?" అంది.

ముగ్గురి రీడింగులు, మూడు సమాధానాలు. అమ్మాయి మేడమ్‌కి ఫోన్ చేసింది.

"మూడూ రాసెయ్యమ్మా," అంది మేడమ్.

"వాటిలో నిజం ఏది మేడమ్?"

"మూడూ నిజమే."

ఇప్పుడు మేడమ్ మీద కూడా అనుమానం వచ్చింది. తనను పరీక్ష తప్పించడానికి కాకపోతే, చదువుకున్న మనిషి అలా మాట్లాడుతుందా? ఇంకో రీడింగు తప్పదనుకుని ఆదివారం సాయంత్రం మళ్ళీ మెట్లెక్కింది. ఆ ఫ్లాట్లో మూడు గొంతులు ఒకదాని మీద ఒకటి లేస్తున్నాయి. 'నువ్వన్నావట', 'మీరన్నారట', 'నన్నెందుకు లాగుతారు' అన్నవి మెట్ల దాకా వినిపించాయి. గంట కొట్టగానే అన్నీ ఆగిపోయాయి. కాసేపు గుసగుసలు నడిచాయి. తరవాత తలుపు మొదటిసారిగా పూర్తిగా తెరుచుకుంది.

"రామ్మా, కూర్చో," అన్నాడు ఆఫీసరు. ముగ్గురూ ఒకే సోఫాలో సర్దుకుని కూర్చున్నారు.

"రాసుకో," అంది భార్య. "ఈ ఇంట్లో ముగ్గురం కలిసే నిర్ణయాలు తీసుకుంటాం."

"అంతే," అంది పెద్దావిడ.

మూడు నోళ్ళు, ఒకటే మాట. అమ్మాయి ప్రాణం లేచొచ్చింది. అయినా సైన్సు బుద్ధి ఊరుకోదు కదా. ముగ్గురి మొహాలూ వరసగా పరికించి, "రుజువేమైనా ఉందా అంకుల్?" అంది.

"ఉంది. ఇప్పుడే ఒక నిర్ణయం తీసుకున్నాం," అంటూ ఆఫీసరు ఒక కాగితం ఆమె చేతికిచ్చాడు. "వెళ్తూ వెళ్తూ దీన్ని కింద వాచ్‌మన్‌కి ఇచ్చెయ్."

కాగితం కింద మూడు సంతకాలు, పైన ఒకటే వాక్యం: 'ఈ కాగితం తెచ్చిన అమ్మాయిని ఇకమీదట గేటు లోపలికి రానివ్వద్దు.'