నెరీ, టీ పెట్టావా?

“ఆ గొంతు సంగతేదో ఇవాళ తేలాల్సిందే వదినా. తేలాక నువ్వూ పాప మార్నీ నాతో హోబార్ట్ పట్నం వచ్చేస్తున్నారు. అంతే!” డంకన్ కారు తాళాలు బల్లమీద పడేశాడు.

నెరిడా పొయ్యిమీద నీళ్ళు పెట్టి, కప్పు తీసి తుడిచింది.

“నాకేనా?”

“నీకు వేరే తీస్తాలే. ఇది మీ అన్నయ్యది.”

డంకన్‌కు ఒళ్ళు మండింది. అన్న ఈవాన్ రొయ్యల వేటకు వెళ్ళి పడవతో సహా మునిగిపోయాడు. శవం కూడా దొరకలేదు. ఈవిడేమో పసిపిల్లతో ఈ రేవు వదలనంటోంది. రోజూ మధ్యాహ్నం టీ వేళకల్లా మొగుడు పిలుస్తున్నాడట!

“చచ్చినవాళ్ళు టీ తాగరు వదినా. ఊరంతా నవ్వుకుంటోంది తెలుసా?”

“నవ్వుకోనీ. ఆయన పిలుస్తుంటే పలక్కుండా ఎలా ఉండను?”

“ఎవడూ పిలవట్లేదు! అంతా నీ...”

“నెరీ! టీ పెట్టావా?”

పెరట్లోంచి వచ్చింది పిలుపు. డంకన్ చటుక్కున అటు తిరిగాడు. అదే బొంగురు. చివర్లో అదే పొడిదగ్గు. సాక్షాత్తూ అన్న గొంతే!

“వచ్చాడు,” అంది నెరిడా, నీళ్ళలో టీ ఆకు వేస్తూ.

పిలుపు మళ్ళీ వినబడింది. డంకన్ పళ్ళు బిగించి పెరట్లోకి పరిగెత్తాడు. షెడ్డు వెనక ఎవరూ లేరు. కంచె అవతలా లేరు. చెమట తుడుచుకుంటూ తలెత్తాడు. యూకలిప్టస్ కొమ్మ మీద తెల్లటి కాకటూ చిలుక, పసుప్పచ్చ జుట్టు విప్పార్చుకుని, ముక్కు తెరిచింది.

“నెరీ! టీ పెట్టావా?”

డంకన్ గడ్డిలో కూలబడి కడుపు పట్టుకుని నవ్వాడు. “వదినా, రా! వచ్చి మీ ఆయన్ని చూసుకో! రెక్కలు మొలిచాయి!”

నెరిడా వచ్చింది. చూసింది. ముఖంలో నెత్తురు చుక్క లేదు.

“ఇది... ఈవాన్ రోజూ బిస్కట్లు పెట్టే పక్షి.”

“అదీ సంగతి! అన్నయ్య అరవడం, ఇది వినడం. చిలక్కి సొంత మాటలుంటాయా? విన్నదే అంటుంది. దెయ్యం లేదు, గియ్యం లేదు.”

“అయితే నన్నెవరూ పిలవట్లేదన్నమాట.”

డంకన్ నవ్వు ఠక్కున ఆగింది. లేచి వెళ్ళి వదిన భుజం మీద చెయ్యి వేశాడు. “ఏడ్చెయ్యి వదినా. ఇప్పటికైనా ఏడ్చెయ్యి.”

ఏడ్చింది. మనిషి పోయిననాడు కూడా అంతలా ఏడవలేదు. తర్వాత ముఖం కడుక్కుని, కాగిన టీ పారబోసి, తనే పెట్టెలు సర్దింది. డంకన్ ఒక్కొక్కటీ కారులో పెట్టాడు. ఆఖరున నిద్రపోతున్న పాపను ఎత్తుకుని ఆమె వరండాలోకి వచ్చింది.

చిలుక రివ్వున దిగి వరండా కమ్మీ మీద వాలింది. మెడ వంచి పాపను ఒక కంట చూసింది. మరో కంట చూసింది. ఈసారి అరవలేదు. గొంతు తగ్గించి, పసిపిల్లను లేపుతున్నట్టు మెల్లగా అంది, అదే బొంగురుతో, అదే దగ్గుతో:

“మార్నీ! నా బంగారు మార్నీ! నాన్ననురా, ఇటు చూడు!”

“విన్నావా, ఎంత ముద్దుగా అంటోందో! ఇది కూడా అన్నయ్య నేర్పిందే...” అంటూ నవ్వబోయిన డంకన్ నోరు తెరిచింది తెరిచినట్టే ఉండిపోయింది.

నెరిడా పాపను గుండెకు అదుముకుంది.

కడుపులో నలుసు పడిందని నెరిడాకే తెలియకముందే పోయాడు ఈవాన్.