గాలికి విరిగిన గొడుగు

“మళ్లీ ఇరిగిందా? నీ గొడుగుకే యాడ్నుంచి వస్తాదమ్మా ఇంత గాలి?”

జమాల్ బాషా గొడుగు విప్పి, కళ్లద్దాలు ముక్కు మీదికి జార్చుకుని, విరిగిన కమ్మిని తడిమి చూశాడు. ముంతాజ్ ముసుగు సవరించుకుని అంగడి మెట్టు మీద ఒదిగి కూర్చుంది. బయట కాలిన కడప రోడ్డు తొలకరి చినుకులకు ఆవిర్లు కక్కుతోంది.

“వానాకాలం గదా చాచా, పెద్దగాలి,” అంది గొంతు మార్చి.

నాయనా అని పిలవాల్సిన నోటితో చాచా అనడం ఆమెకు ఏనాడూ అలవాటు కాలేదు. మనసిచ్చినవాణ్ణి చేసుకున్న రోజు “నా గడప తొక్కొద్దు” అన్నాడాయన. అన్నవాడు మొండివాడు, పడ్డది ఆ మొండివాడి కూతురు. ఇంక చెప్పేదేముంది! ఇంటి ఛాయలకు పోలేదు. అయితే గడప తొక్కొద్దన్నాడు గానీ, అంగడి మెట్టెక్కొద్దనలేదు కదా? అందుకే ఏటా వానలు మొదలవగానే బురఖా వేసుకుని, మంగంపేటలో బస్సెక్కి, గొడుగు పట్టుకుని వచ్చేస్తుంది. కమ్మి బిగించేంతసేపూ నాయన్ను కళ్లారా చూసుకుని పోతుంది. పాపం, వయసు మీదపడింది, ఆయన గుర్తుపట్టలేదు.

“అంగట్లో జనమే లేరే చాచా?”

“గొడుగు బాగుచేయించుకునేటోళ్లు ఇప్పుడెవరుండారమ్మా! ఇరిగితే పారేసి కొత్తది కొంటాండారు. అయినా మన కడపోళ్లకు గొడుగు ఎండకే గదా. వాన పడితే మడిచి సంకలో పెట్టుకుంటారు, యాడ తడుస్తాదో అని!”

ముసుగులోనే ముంతాజ్ ఫక్కున నవ్వింది. చిన్నప్పటి నుంచీ విన్న మాటే. అప్పట్లో బాగైన గొడుగులన్నీ అంగట్లో తెరిచి పెట్టుకుని, వాటి కింద దూరి నిద్రపోయేది తను. గొడుగుల వాళ్లొచ్చి తొందర పెట్టినా, “నా బిడ్డ లేస్తాది, రోంతసేపు ఆగప్పా” అనేవాడు నాయన. ఆ నల్లగుడ్డ వాసన, పైన రేకుల మీద చినుకుల చప్పుడు... ఎంత బాగుండేవి ఆ వానలు!

“ఈ వానలైనాక అంగడి మూసేస్తాండా,” అన్నాడు జమాల్ బాషా, సూదిలోకి ఒక్కసారికే దారం ఎక్కించి.

ఈ మెట్టు కూడా పోతే నాయన్ను ఇంక ఎక్కడ చూసుకోవాలి?

“మూసేసి?”

“ఇంట్లో కూచ్చుంటా. పీరాంబీ ఒక్కతే ఉండాది.”

అమ్మ పేరు వినగానే ఆమెకు కళ్లు చెమర్చాయి. లేని ధైర్యం కూడగట్టుకుంది.

“మీకు పిల్లోళ్లు లేరా చాచా?”

“ఒక కూతురుండాది.”

“వస్తా పోతా ఉంటాదా?”

“నేనే రావద్దంటి.”

“ఇప్పుడొస్తే... రానిస్తారా?”

సూది ఆగింది. దారం కొరికి, గొడుగు ఒకసారి తెరిచి చూసి, మడిచి ఆమె చేతిలో పెట్టాడు. అంతే. అనవసరంగా అడిగానే అనుకుంది ముంతాజ్. ఆ కోపం ఇంకా చావలేదన్నమాట! మెట్టు దిగి వానలోకి నడిచింది.

వెనకనుంచి జమాల్ బాషా గొంతు వినిపించింది.

“ఈసారి గొడుగు ఇరగ్గొట్టకుండా ఇంటికే రా, ముంతాజూ.”