ఉండు, వస్తున్నా

ఒక పెరట్లో చుక్కల కోడి తన అయిదుగురు పిల్లలకి తనే చదువు చెప్పుకునేది. చెరువు దగ్గర కొంగ నడిపే బడి ఉంది. బాతు పిల్లలన్నీ అక్కడికే వెళ్లేవి.

"ఇంట్లోనే ఉంచితే వెనకబడిపోతారేమో వదినా" అని బాతు రోజూ అనేది.

కోడికీ అదే బెంగ. అందుకే తెల్లారిన దగ్గర్నుంచి పాఠాలే. ఒకడికి మట్టి గీరడం నేర్పుతుంటే ఇంకొకడు పురుగు చూపించమనేవాడు, మరొకడు దాహమనేవాడు. ఎవరు పిలిచినా కోడి తల తిప్పకుండా "ఉండు, వస్తున్నా" అనేది. అన్నిటికన్నా పెద్ద పాఠం గద్ద. "నేను అరవగానే ఉన్నపళంగా గడ్డివాము కిందికి దూరాలి" అని పదేపదే వల్లె వేయించేది.

ఒక మధ్యాహ్నం నేల మీద గద్ద నీడ తిరిగింది. కోడి గట్టిగా అరిచింది. నలుగురు గడ్డి కిందికి దూరారు. అందరికన్నా చిన్నది, చిట్టి, చీమల బారు దగ్గరే ఉండిపోయింది.

"ఉండు, వస్తున్నా" అంది, తల తిప్పకుండా. అచ్చం అమ్మ గొంతే.

కోడి ఎగిరి చిట్టి మీద పడింది. గద్ద గోళ్లకి కోడి తోక ఈకలే చిక్కాయి.

సాయంత్రం బాతు వచ్చి, "ఇవాళేం పాఠం చెప్పావు వదినా?" అని అడిగింది.

"రోజూ ఏం చెప్తున్నానో ఇవాళ తెలిసింది" అంది కోడి.

అంతలో రెక్క కింద నుంచి చిట్టి "అమ్మా" అని పిలిచింది. కోడి నోటిదాకా "ఉండు" వచ్చింది. దాన్ని మింగేసి, బాతుని వదిలేసి, తల తిప్పి చూసింది.