గరిట పట్టే ఉద్యోగం

సత్యదుర్గ నేవీకి సెలెక్టయింది. పద్దెనిమిది ఇంకా నిండలేదు కాబట్టి తండ్రి సంతకం కావాలి. అది ఈ సాయంత్రంలోగా పంపకపోతే ఉద్యోగం పోయినట్టే.

తండ్రి అమ్మిరాజు పెన్ను జేబులో పెట్టుకుని, కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు.

"నేవీలో చేరి వంటపనా?"

పాపం, అతని బాధ అతనిది. అప్పటికే మామిడికుదురు సెంటర్లో ఫ్లెక్సీ కట్టించేశాడు. అందులో కూతురి చేతిలో ఇంత పొడుగు తుపాకీ, వెనకాల యుద్ధనౌక. తీరా చూస్తే ఈ పిల్ల కోరి కోరి వంట విభాగం ఎంచుకుంది.

"తుపాకీ పట్టుకుంటే ఈ నాలుగేళ్ల ఉద్యోగం అయ్యాక ఏం చెయ్యను నాన్నా? చాలామందిని ఇంటికి పంపేస్తారు. ఏ బ్యాంకు గుమ్మం ముందో నుంచోవాలి. వంటైతే బయటికొచ్చాక పెద్ద హోటళ్లున్నాయి, ఓడలున్నాయి, సముద్రంలో గ్యాస్ రిగ్గులున్నాయి. తినకుండా ఎవరుంటారండీ?"

"గరిట తిప్పి ఇల్లు నిలబెట్టినవాళ్లని ఒక్కళ్లని చూపించు."

జవాబు సత్యదుర్గ నాలిక చివరిదాకా వచ్చింది. ఎలాగో మింగేసింది.

"ఏవండీ, సంతకం పెట్టేయండి," వంటింట్లోంచి తల్లి అన్నపూర్ణ అంది. "అది బాగా ఆలోచించుకునే ఎంచుకుంది."

"నువ్వూరుకో. నీ వంటేదో నువ్వు చూసుకో."

"అదే చూసుకుంటున్నానండి. పొయ్యి మీద అన్నం ఉంది."

అమ్మిరాజు ఇస్త్రీ చొక్కా సర్దుకున్నాడు. ఆ చొక్కా వేసుకుని ఊళ్లో తగువులు తీర్చడం తప్ప అతనికి వేరే పని లేదు. ఆ పని మాత్రం శ్రద్ధగా చేస్తాడు.

"అమ్మిరాజు కూతురు వంటమనిషట అంటారు సెంటర్లో. ఆ మాట నేను పడలేను."

"నేను పడతానండి," అంది సత్యదుర్గ. ఏడవలేదు, బతిమాలలేదు. "సిగ్గుపడే పనేం కాదు. ఇదైతేనే వెళ్తాను, ఇంకోటైతే నాకొద్దు."

"అయితే మానెయ్!"

అమ్మిరాజు బండి తాళాలు తీసుకుని లేచాడు. గుమ్మం దాటబోతున్నాడు.

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది.

"ఒక్క నిమిషం ఆగండి." అన్నపూర్ణ గొంతులో ఇందాకటి మెత్తదనం లేదు. "వంట అంత పరువు తక్కువ పనని నాకివాళే తెలిసిందండి. మరి నేను మాత్రం ఎందుకు చెయ్యాలి? మీరు సంతకం పెట్టకపోతే రేపట్నుంచి నేనూ వంట మానేస్తాను."

"ఏటీ, మానేస్తావా?"

"ఆయ్. మానేస్తానండి."

అమ్మిరాజు ముఖం పాలిపోయింది. కూతురివైపు చూశాడు, చేతిలో తాళాలవైపు చూశాడు. వెనక్కొచ్చి కూర్చున్నాడు.

"అంత మాటెందుకే? ఇప్పుడు నేనేమన్నానని?"

పెన్ను తీసి గబగబా సంతకం పెట్టేశాడు.

"పెట్టేరమ్మా!" అని బల్ల మీద స్పీకర్లో ఉన్న ఫోన్‌కి సత్యదుర్గ చెప్పగానే, కువైట్‌లో తను జీతానికి వంటచేసే షేకుగారి ఇంట్లో అన్నపూర్ణ మళ్లీ గరిట అందుకుంది.